కరెంటు ఎటు పోతది

చాందీ నన్ను వెతుక్కుంటూ వచ్చిన రోజు బడికి తాళం వేసి ఉంది. సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. టీచర్లం కూడా సమ్మెలో దిగి నర్సింహులపేట మండలాఫీసు ఎదుట టెంటు కింద చాపల మీద కూర్చుంటున్నాం. మాది జనగామ. నర్సింహులపేట మండలంలోనే ఒక ఉన్నత పాఠశాలలో పద్దెనిమిదేళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. నా పేరు సోమనర్సయ్య.

ఆమె వెంట కూతురు గీత ఉంది. గీత పదో తరగతి, నా విద్యార్థిని. వాళ్ళది అక్కడికి మూడు మైళ్ళలో ఉన్న లంబాడి తండా. ఇరవై రోజుల కింద గీత తండ్రి హరిలాల్ పొలం దగ్గర కరెంటు షాకుతో చనిపోయాడు. పేపర్లో జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త వచ్చింది. ఆ నాలుగు వాక్యాలూ చదివాను గాని తండాకు మాత్రం పోలేదు. సమ్మె పనుల్లో తీరిక లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

చాందీకి ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి. ఎండలో నడిచి వచ్చింది. టెంటు నీడలోకి రమ్మంటే రాలేదు, తాడు కట్టిన గుంజ దగ్గరే నిలబడింది. గీత చేతిలో ఉన్న పుస్తకం తీసుకుని, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచి నా ముందు పెట్టింది. విద్యుత్ ప్రవాహం పాఠం.

"సారూ, గిది పిల్లతోని రెండుసార్లు చదివిపిచ్చుకున్న. నాకు గావాల్సింది అండ్ల లేదు" అంది.

"ఏం గావాలమ్మా?"

"ఆ దినం పొద్దుగాల నేనే మోటరేసిన. డబ్బా ముట్టుకుంటె చెయ్యి జుమ్మన్నది, గంతే. పగటీలి ఆయన అదే డబ్బా ముట్టుకున్నడు. పోయిండు. ఒక్కటే డబ్బా, ఒక్కటే కరెంటు. నన్నెందుకు ఇడిసిపెట్టింది?"

పక్కనే ఉన్న సోషల్ టీచరు జగపతి తల దించుకున్నాడు.

ఆమె ఏడుస్తూ అడగలేదు. ఇంట్లో అత్త జమ్లి, దేవతకు మొక్కు బాకీ ఉందని, అందుకే కొడుకును తీసుకుపోయిందని అంటోందట. తండావాళ్ళు ఆయుష్షు తీరిందన్నారట. మానుకోట దవాఖానలో పోస్టుమార్టం చేసినవాళ్ళు కరెంటు షాకు అని కాగితం రాసిచ్చారు. చాందీకి ఈ మూడింట్లో ఏదీ సరిపోలేదు.

"కూసో అమ్మా. చెప్త" అన్నాను.

"సారూ, పాఠం చెప్తే సమ్మె ఒడిసినట్టే" అన్నాడు జగపతి, మెల్లగా. ఎగతాళికి కాదు, ఏదో ఒకటి అనాలని అన్నాడు. చాందీ చాప అంచున కూర్చుంది.

ముందు ఆ రోజు ఏం జరిగిందో ఆమెనే చెప్పమన్నాను.

ఆ ఏడు వానలు సరిగా లేవు. వరి పొట్టకొచ్చే ముందు మడి నెర్రెలిస్తోంది. పొలానికి కరెంటు పొద్దున కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు వచ్చేది. పొద్దున చాందీ చెప్పులు వేసుకుని గట్టు మీదుగా పోయి, మోటరు స్టార్టరు డబ్బా మీది బటన్ నొక్కింది. చెయ్యి జుమ్మంది. ఇంటికొచ్చి హరిలాల్‌కు చెప్పింది కూడా. "పాతదైంది, గట్లనే అంటది" అన్నాడాయన. మధ్యాహ్నం ఇద్దరూ మడిలోనే ఉన్నారు. హరిలాల్ చెప్పులు విడిచి, పొద్దున పారిన నీళ్ళ బురదలో మోకాళ్ళ దాకా దిగి కాలువ పూడిక తీస్తున్నాడు. పక్క బావి మోటరు చప్పుడు విని చాందీయే కేకేసింది: "కరెంటొచ్చింది, మోటరెయ్యిపో." ఆయన ఉన్నవాడు ఉన్నట్టే, తడికాళ్ళతో, బురద చేతులతో గట్టెక్కి డబ్బా దగ్గరికి పోయాడు.

"నేనే పంపిన సారూ" అంది.

నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను. ఏ బావి మీద పొట్ట పోసుకుంటున్నారో ఆ బావి నుంచే మొదలుపెట్టాను.

"మీ బాయి కాడ పైపు ఉన్నది గద. మోటరు నూకితేనే నీళ్ళు పైపుల పారుతయ్. తీగలల్ల గూడ కంటికి కానరాని కణాలుంటయ్. అవి పారుడే కరెంటు. నూకేటిది ఉంటేనే పారుతయ్. ఆ నూకుడును వోల్టేజి అంటం. పైపు సన్నగున్నా, అండ్ల చెత్త ఇరికినా నీళ్ళు తక్కువ పారుతయ్. కరెంటుకు గట్ల అడ్డం పడేదాన్ని నిరోధం అంటం. నూకుడు అంతే ఉండి, అడ్డం తక్కువైతే పారుడు ఎక్కువైతది."

చాందీ కొంచెంసేపు ఆలోచించింది.

"మరి పైపుల నీళ్ళు మడిల వడి ఇంకుతయ్. కరెంటు ఎటు పోతది?"

పద్దెనిమిదేళ్ళలో ఏ పిల్లవాడూ నన్ను ఈ మాట అడగలేదు. అడగనందుకు వాళ్ళను తప్పుపట్టలేను. బోర్డు మీద నేను గీసే బొమ్మలో తీగ బ్యాటరీ దగ్గర మొదలై మళ్ళీ బ్యాటరీ దగ్గరికే వచ్చేది. పిల్లలు ఆ బొమ్మను అలాగే దించుకునేవాళ్ళు.

"మల్ల ఎనుకకు పోతది. ఏడికెల్లి వచ్చిందో ఆడికే. ట్రాన్స్‌ఫార్మర్‌కు పోయే దారి దొరికితేనే కదులుతది, లేకుంటే తీగలనే ఉంటది. ఆ దారి తీగ కావచ్చు, నేల గూడ కావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక తీగను నేలల పాతిపెడ్తరు. అందుకని తడినేల గూడ కరెంటుకు దారే."

"పిట్టలు తీగ మీద కూసుంటయ్ గద సారూ" అంది గీత, అంతదాకా నోరు తెరవనిది.

"పిట్ట రెండు కాళ్ళు ఒకటే తీగ మీద ఉంటయ్. నేలకు తాకది. పిట్ట ఒంట్లకెల్లి పోతే ఎటూ చేరేది లేదు. అందుకే పోదు."

చాందీ తన అరికాళ్ళ వైపు చూసుకుంది.

ఆ సాయంత్రం ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి ప్రయోగశాల తాళం తీయించి మల్టీమీటరు తెచ్చాను. మరునాడు తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. నిరోధం కొలిచే చోటికి మీట తిప్పి, రెండు తీగల కొసలు చాందీ రెండు చేతులకిచ్చాను. ముల్లు దాదాపు కదలలేదు. తర్వాత చెంబులో నీళ్ళతో చేతులు తడుపుకుని గట్టిగా పట్టుకోమన్నాను. ముల్లు ఆ చివరి వైపు జరిగింది. చాందీ కొసలు వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. అలా నాలుగైదుసార్లు చేసింది. టెంటులో ఉన్నవాళ్ళు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"ఎండిన చెయ్యి, కాళ్ళకు రబ్బరు చెప్పులు. నీ ఒంట్ల అడ్డం మస్తు ఉండె. కరెంటు జరంతనే పారింది, అందుకే జుమ్మన్నది. ఆయనకు చేతులు తడి, కాళ్ళు తడి, కింద బురద. అడ్డం లేదు. అదే నూకుడుకు ఎన్నో రెట్లు పారింది. ఛాతీ నుంచి కాళ్ళకు, కాళ్ళ నుంచి నేలకు."

"ఎంత పారితె మనిషి పోతడు?"

"ఇంట్ల అరవై వాట్ల బల్బు వెలగాలంటే ఎంత కావాలో, అండ్ల నాలుగో వంతు చాలు. గుండె తప్పుతది."

"బల్బంత గూడ అక్కర్లే" అంది. ఎవరితోనూ అన్నట్టు లేదు.

అంతటితో ఆపి ఉంటే బాగుండునేమో. కాని నేను టీచర్ని. పాఠం మొదలుపెడితే చివరిదాకా చెప్పడం అలవాటు. ఇక ముందు ఇంకెవరికీ ఇలా కాకూడదంటే ఏం చేయాలో కూడా చెప్పాను. డబ్బా లోపల తీగ రబ్బరు అరిగి ఇనుముకు తగిలితే డబ్బా మొత్తానికి కరెంటు వస్తుంది. అలాంటప్పుడు అది మనిషిలోంచి కాకుండా వేరే దారిన నేలకు పోవాలి. అందుకే డబ్బాకు ఒక తీగ కట్టి, దాన్ని గుంతలో పాతిన ఇనుప పైపుకు బిగించి, ఆ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి తడిగా ఉంచాలి.

"దాన్నే ఎర్తు తీగ అంటం. మోటరు పనికి దానితోని ఏం అక్కర ఉండది. అది లేకున్నా మోటరు నడుస్తది. అందుకే అందరు దాన్ని ఉత్త తీగ అనుకుంటరు. డబ్బా పక్కకు దొడ్డు ఇనుప తీగ ఒకటి నేలలకు పోతుంటది సూడు, గదే."

చాందీ లేచి నిలబడింది. నేనింకా మాట్లాడుతుండగానే చెప్పులు తొడుక్కుని బయలుదేరింది. గీత పుస్తకం చంకలో పెట్టుకుని వెనకాల పరుగెత్తింది. ఏం తప్పు మాట్లాడానో నాకు తెలియలేదు.

రెండు రోజులు వాళ్ళు రాలేదు. మూడో రోజు గీత ఒక్కతే వచ్చింది.

"సారూ, యాడీ బుక్కెడు బువ్వ తింటలేదు" అంది. యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ. "ఇంటికి పోంగనే దండెం తెంపింది. బట్టలన్నీ మన్నుల పడ్డయ్. ఎందుకు తెంపినవంటె చెప్తలేదు."

ఆ సాయంత్రమే సైకిలు తీసుకుని గీతతో తండాకు పోయాను. ఇంటి ముందు చాందీ గడప మీద కూర్చుని ఉంది. పక్కన చుట్టగా చుట్టిన దొడ్డు ఇనుప తీగ. చూడగానే నాకు అర్థమైంది.

ఎండాకాలంలో మోటరు వాడకం లేనప్పుడు ఆ తీగ నేల దగ్గర ఊడి వేలాడుతోందట. ఎద్దు కాలికి చుట్టుకుందట. ఎందుకూ పనికిరానిదని చాందీ దాన్ని డబ్బా దగ్గర కూడా విప్పి ఇంటికి తెచ్చింది. బట్టలారేసుకునే దండెం కట్టింది.

"ఒక కొస నేను గుంజకు కట్టిన, ఇంకో కొస ఆయనే కట్టిండు సారూ. గట్టిగున్నది, మంచిగ పనికొచ్చింది అన్నడు." ఆమె తీగ మీద చెయ్యి వేసింది. "నేను పంపిన అనుకున్న ఇన్నొద్దులు. పంపుడే గాదు. తీగ గూడ నేనే తీసిన."

తెలియక చేసిన పనికి తప్పేముందని అనబోయాను. ఆ మాట ఆమె ముందు చిన్నదిగా తోచింది. "పొలం కాడికి పోదాం పా. డబ్బా సూస్త" అన్నాను.

హరిలాల్ తమ్ముడు మంగీలాల్ కూడా వచ్చాడు. ఆటో నడుపుతాడు. పదిహేనేళ్ళ కింద నా దగ్గర పదో తరగతి చదివాడు, నా సబ్జెక్టులో బడికే మొదటి మార్కు తెచ్చుకున్నాడు. అన్న పోయిన నాటి నుంచి ఆ మోటరుకు ఫీజులు పీకేసి ఉంచారు. అయినా మీటరుతో చూసుకుని, కరెంటు లేదని రూఢి చేసుకుని డబ్బా మూత తెరిచాను. తీగ లోపలికి వచ్చే రంధ్రం అంచుకు రాసుకుని రాసుకుని రబ్బరు తొలగిపోయింది. లోపలి లోహం ఇనుముకు ఆని ఉంది. ఫీజు గిన్నెలు చూస్తే సన్నటి తీగ ఉండాల్సిన చోట దొడ్డు అల్యూమినియం పోగులు మెలిపెట్టి ఉన్నాయి.

"ఇది ఎవలేసిన్రు?"

"అన్ననే. మాటిమాటికి ఫీజు పోతున్నదని దొడ్డుది ఏసిండు" అన్నాడు మంగీలాల్. "అందరు గట్లనే ఏస్తరు సారూ."

పాత ఎర్తు గుంత దగ్గర తవ్వి చూశాను. పైపు జానెడు లోతులోనే ఉంది. ఉప్పూ లేదు, బొగ్గూ లేదు. మట్టి పొడిగా ఉంది.

గట్టు మీద కూర్చుని చాందీకి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆ తీగ ఉంటే బతికేటోడా అంటే, నేను ఔను అనలేను, కాదు అనలేను. గుంత మంచిగ లేదు. ఫీజు దొడ్డుది, అది పోయేది గాదు. తీగ ఉంటే కరెంటు కొంత అటు పోయేది. ఎంత పోయేదో ఇప్పుడు ఎవలూ చెప్పలేరు. రబ్బరు అరిగింది ఒకటి, ఫీజు ఒకటి, గుంత ఒకటి, తీగ ఒకటి, తడికాళ్ళు ఒకటి. అన్నీ ఒక్కనాడు కలిసినయ్."

"అండ్ల ఒకటి నాది" అంది చాందీ.

అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఆమె నమ్మేది కాదు. నేనే మీటరు చేతికిచ్చి నేర్పాను.

మంగీలాల్ మూత బిగిస్తూ ఉన్నట్టుండి అన్నాడు: "స్థిర ఉష్ణోగ్రత వద్ద వాహకంలో ప్రవహించే విద్యుత్తు, దాని చివరల మధ్య పొటెన్షియల్ భేదానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఇప్పటికీ యాదికున్నది సారూ. గని గీ తీగ ఎందుకో మీరు చెప్పలే."

నిందగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. నిజంగానే చెప్పలేదు. పుస్తకంలో లేదు, పరీక్షలో రాదు. నా దగ్గర చదివినవాళ్ళలో సగం మందికి బావులు, మోటర్లు ఉన్నాయి. ఏటా ఎక్కడో ఒకచోట ఒకరు పోయిన వార్త చదువుతూనే ఉన్నాను. ఆ వార్తనూ నా పాఠాన్నీ ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. తిరిగి వస్తుంటే సైకిలు తొక్కబుద్ధి కాక నడిపించుకుంటూ వచ్చాను.

సమ్మె నాలుగో వారంలోకి వచ్చింది. భూపాలపల్లి వైపు గనుల్లో బొగ్గు తీయడం ఆగింది. పొలాలకు వచ్చే కరెంటు రోజురోజుకూ తగ్గింది. ఒకరోజు టెంటు దగ్గర చాందీ అడిగింది, ఆ బొగ్గుకూ కరెంటుకూ సంబంధమేమిటని. బొగ్గు కాలిస్తే నీళ్ళు ఆవిరవుతాయని, ఆ ఆవిరి చక్రాన్ని తిప్పుతుందని, ఆ చక్రం తిరుగుడే తీగల్లో కరెంటును తోస్తుందని చెప్పాను.

"బొగ్గు బందైతె కరెంటు బందు."

"ఔను."

"సమ్మె జర ముందుగాల పెట్టుకుంటె అయిపోయేది గద సారూ" అంది. "ఆ పగటీలి కరెంటు రాకపోయేది."

మైకులో ఎవరో పాట అందుకున్నారు. ఆడవాళ్ళు బతుకమ్మలు తెచ్చి టెంటు ముందు పెడుతున్నారు. మేమందరం దేనికోసం కూర్చున్నామో దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు. జై తెలంగాణ అని అందరూ అన్నప్పుడు చాందీ కూడా చెయ్యెత్తింది. నీళ్ళు లేక ఆమె మడి అప్పటికే పసుపెక్కుతోంది. దసరా పోయిన వారానికి అందులోకి పశువులను తోలారు.

నేను చేయగలిగింది ఒకటే తోచింది. తండాలో అందరినీ కూర్చోబెట్టి ఎర్తు గురించి చెబుతానన్నాను. ఒక ఆదివారం సేవాలాల్ గుడి ముందు ముప్పై నలభై మంది పోగయ్యారు. మీటరు చూపించాను, బొమ్మ గీశాను. మర్యాదగా విన్నారు. చివర ఒకాయన అన్నాడు: "మా డబ్బాకు ఎన్నడు ఆ తీగనే లేదు. ఇన్నేండ్లల్ల ఏమైంది?" పదిమంది నవ్వారు. కొందరు లేచారు కూడా.

అప్పుడు చాందీ నిలబడింది. వాళ్ళ భాషలో మాట్లాడింది. నాకు తీగ, దండెం, ఎర్తు అనే మాటలు తప్ప తెలియలేదు. అయినా ఏం చెబుతోందో తెలిసింది. లేచినవాళ్ళు నిలబడిపోయారు. ఆమె గొంతు ఒక్కచోట తగ్గింది, మళ్ళీ సర్దుకుంది. చెప్పడం అయ్యాక కూర్చోలేదు, అలాగే నిలబడింది.

ముందు వరుసలో కూర్చున్న అత్త జమ్లి తలెత్తి ఒక్క మాట అడిగింది. చాందీ జవాబిచ్చింది. ముసలామె ఇంకేదో అని, కర్ర ఊతంగా లేచి, తన ఇంటివైపు కాకుండా చిన్నకొడుకు మంగీలాల్ ఇంటివైపు నడిచిపోయింది.

ఏమన్నదో గీత తర్వాత చెప్పింది. నీకు తెలిసి ఎన్నొద్దులైంది అని అడిగిందట. పదకొండొద్దులని చాందీ చెప్పిందట. "పదకొండొద్దులు అదే చేత్తోని నాకు గటక పోసినవు" అందట జమ్లి.

మరునాటి నుంచి తండాలో గుంతలు తవ్వడం మొదలైంది. మంగీలాల్ ఆటోలో ఉప్పు సంచి, బొగ్గు సంచి వేసుకుని ఒక్కొక్క బావికి తిరిగాడు. నేను మీటరుతో వెంట ఉన్నాను. సమ్మె అయిపోయి బడి తెరిచాక సాయంత్రాలు పోయేవాణ్ణి. పక్క తండాల నుంచి, ఊళ్ళ నుంచి కూడా పిలుపులు వచ్చాయి. నేను చెబితే వినేవాళ్ళు తక్కువ. చాందీ చెబితే వినేవాళ్ళు. వాళ్ళు వినాలంటే మాత్రం ప్రతిచోటా తాను చేసింది చెప్పుకోవాల్సి వచ్చేది. తీగ విప్పింది, దండెం కట్టింది, కేకేసి పంపింది. ఎన్నిసార్లు చెప్పినా ఆమె గొంతు అదే చోట తగ్గేది. ఒకసారి, "ప్రతిసారి అదంత చెప్పకు చాందమ్మా, ఉత్త ఎర్తు గురించి చెప్తె చాలు" అన్నాను.

"ఉత్తగ చెప్తె ఎవలు గుంత తవ్వుతరు సారూ?" అంది.

జమ్లి ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. చాందీ ఇల్లు దాటే మంగీలాల్ ఇంటికి పోవాలి, అయినా ఆ గుమ్మం తొక్కలేదు. చివరి నెలల్లో మంచం పట్టింది. చాందీ పోయి బట్టలు ఉతికేది, ఒళ్ళు తుడిచేది. ముసలామె ఒళ్ళు తుడవనిచ్చింది. నీళ్ళు మాత్రం ఆమె చేతి నుంచి తాగలేదు. మంగీలాల్ భార్య కవిత వచ్చేదాకా గొంతెండినా ఆగేది. ఆ సంగతి చాలా రోజుల తర్వాత కవితే నాతో చెప్పి ఏడ్చింది.

గీత మార్చిలో పదో తరగతి పరీక్ష రాసింది. మంచి తెలివైన పిల్ల, ఎనభై దాటుతాయనుకున్నాను. భౌతికశాస్త్రంలో తక్కువొచ్చాయి. ఓమ్ నియమం రాసి, లెక్క చేయమన్న ప్రశ్న ఉంది. గీతకు నాకంటే బాగా వచ్చిన లెక్క అది.

"ఏమైంది బిడ్డా, మర్చిపోయినవా?"

"లేదు సారూ. రాయలే." అంతే అంది. ఇంటర్‌లో సైన్సు తీసుకోమన్నాను. తీసుకోలేదు.

ఆ తర్వాత నాకు చిట్యాలకు బదిలీ అయింది. చాందీని మళ్ళీ చూసింది రెండువేల పద్నాలుగు జూన్‌లో, మానుకోట బస్టాండులో. రాష్ట్రం వచ్చిన వారం. బస్టాండు ముందు పిల్లలు ఇంకా రంగులు చల్లుకుంటున్నారు. ఆమె జుట్టు ముందువైపు తెల్లబడింది. చేతిలో సంచి, సంచిలో కొత్త తీగ చుట్ట. ఏదో తండాకు పోతోంది. నన్ను చూసి దగ్గరికొచ్చింది. గీత హైదరాబాద్‌లో బట్టల దుకాణంలో పని చేస్తోందని, ఈ ఏడు డిగ్రీలో చేరుతుందని చెప్పింది. జమ్లి పోయిన సంగతి చెప్పింది.

"సారూ, మీరు నాకు అన్నీ చెప్పిన్రు. ఒక్కటి నేనే అడగలే. అడుగుడు భయమయ్యి."

"అడుగు."

"ఆయనకు తెలిసిందా? పోతున్ననని."

నేను ఏ పుస్తకంలో చదివానో, ఏ డాక్టరు చెప్పగా విన్నానో తలచుకున్నాను. కరెంటు పారుతుంటే కండరాలు బిగుసుకుంటాయి, చెయ్యి విడిపించుకోలేరు. గుండె తప్పాక మెదడుకు రక్తం అందదు, స్పృహ పోతుంది. ఎంతసేపట్లో?

"నాకు తెలిసినంతల పది సెకన్లు, చాందమ్మా. దాని లోపలనే స్పృహ పోతది. తర్వాత ఏమీ తెల్వది."

"పది సెకన్లంటె ఎంత?"

నా చేతి గడియారం విప్పి ఆమెకు చూపించాను. సన్న ముల్లు ఎక్కడి నుంచి ఎక్కడికో వేలు పెట్టి చెప్పాను. ఆమె తల వంచి, ముల్లు అంతదూరం నడిచేదాకా కదలకుండా చూసింది.

"ఇంతసేపా" అంది.

తొర్రూరు బస్సు వచ్చింది. సంచి ఎత్తుకుని పోయి, లోపల కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేదాకా నేను గడియారం చేతిలో పట్టుకునే నిలబడ్డాను.